అనుమంత: మత్తు వ్యాపారంపై ధర్మశాస్త్ర విచారణ

ధర్మశాస్త్రం అనగానే చాలామందికి ఆశౌచ నిర్ణయం, తిథి నిర్ణయం, ఏకాదశినాడు ఏమి తినవచ్చు వంటి విషయాలే స్ఫురిస్తాయి. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్లయినా నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగే సందేహాలు దాదాపు అన్నీ అటువంటివే. నిరుడు కార్తీకమాసంలో ఒక తండ్రి అడిగిన సందేహం మాత్రం వేరు. ఈ నెల పాఠం ఆ సందేహం మీదనే.

ఆయన నా పూర్వశిష్యుడు. నలభై ఏళ్ల క్రితం ప్రాచ్య పాఠశాలలో నా వద్ద రఘువంశం చదువుకున్నాడు. చదువు సాగలేదు కాని శ్రద్ధగలవాడు. అనకాపల్లి ప్రాంతంలో చిన్నపాటి బెల్లం వ్యాపారం చేసుకుంటూ పిల్లలను పెంచాడు. పెద్దవాడు డిగ్రీ మధ్యలో ఆపివేశాడు. ఆ కుర్రవాణ్ణి ఏజెన్సీ నుంచి మైదానానికి దిగే దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసులు పట్టుకున్నారు. గంజాయి వెనుక వస్తున్న కారులో ఉంది. మనవాడు దానికి రెండు మూడు కిలోమీటర్ల ముందు మోటారు సైకిలు మీద ఉన్నాడు. దారిలో పోలీసులు కనిపిస్తే వెనక్కి ఫోను చేసి చెప్పడం అతని పని. ఆ వ్యాపారంలో అటువంటివాణ్ణి ‘పైలట్’ అంటారట.

తండ్రి మా అరుగు మీద కూర్చుని, “గురువుగారూ, మావాడు ఆ సరుకు ముట్టుకోలేదండి. తాగడు, అమ్మడు. ముందు బండి నడిపాడు, అంతే. చట్టం సంగతి వకీలుగారు చెప్పారు. శాస్త్రం ఏమంటుందో తమరు చెప్పండి. ఇది కూడా పాపమేనాండీ?” అని అడిగాడు.

రెండు రోజులు గడువు ఇమ్మన్నాను. శాస్త్రవచనం గుర్తులేక కాదు. గడువు ఎందుకు కావలసి వచ్చిందో విచారణ కొంత సాగిన తరువాత మనవి చేస్తాను.

ముందు విషయస్వరూపం తెలియాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, సీలేరు పరిసరాలు, ఆవలివైపు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు దశాబ్దాలుగా గంజాయికి పేరుపడ్డాయి. అక్కడ పండే ఒక మేలురకానికి ‘శీలావతి’ అని పేరు పెట్టారు. మరొక రకం ‘రాజహంస’. వ్యాకరణరీత్యా ‘శీలవతి’ అనాలి, దీర్ఘం అపశబ్దం. ఆ తప్పును క్షమించవచ్చు. మనుషుల శీలాన్ని హరించే మొక్కకు ఆ పేరు తగిలించిన నోటిని ఎట్లా క్షమించాలో నాకు తెలియలేదు. నీరక్షీర వివేకం గల రాజహంస పేరును వివేకం పోగొట్టే పొగకు పెట్టినవాడికి కాస్త కావ్యపరిచయం ఉండి ఉంటుందని, అదే మరింత విచారకరమని అనిపించింది.

కొండమీద ఆ మొక్క నాటే గిరిజన రైతు ఈ వ్యాపారానికి యజమాని కాడు. విత్తనమూ పెట్టుబడీ బయటినుంచి వస్తాయి. అప్పుకూడా అక్కడినుంచే. కందులు, రాగులు, పసుపు పండిస్తే వాటిని తలమీద మోసుకుని సంతకు దిగి, వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావాలి. గంజాయికి మాత్రం కొనేవాడే కాలినడకన గుడిసె దాకా వస్తాడు, రొక్కం చేతిలో పెడతాడు. అదే సరుకు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ముంబయి చేరేసరికి ధర అనేక రెట్లు పెరుగుతుంది. ఆ పెరిగిన ధరలో కొండమీది రైతుకు భాగం లేదు. మోసుకుపోయేవాడికి ప్రయాణానికింత అని కూలి దక్కుతుంది. పట్టుబడేదీ వీరిద్దరే. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో మేడలో ఉంటాడు, ఒక లోడు పోతే మరొక లోడులో లెక్క సరిచేసుకుంటాడు. ఈ వ్యాపారం ఎన్ని దాడులు చేసినా చావకపోవడానికి మొదటి కారణం ఇదే. నష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది.

2021 అక్టోబరు చివరలో మన పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆ కొండలలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గరి కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలుపోసి కాల్చివేశారు. అంత సరుకు ఒక్కచోట దహనమైతే ఇక ఈ పీడ విరగడైందనే అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. కొంతకాలానికి సరుకు సరిహద్దు ఆవలినుంచి రావడం ఎక్కువైంది. దారులు మారాయి. ఆకును నూనెగా మార్చి సీసాలలో పంపడం వచ్చింది. నా శిష్యుడి కుమారుడు పట్టుబడింది ఆ మంటలు ఆరిన తరువాతనే.

ఇది మనకే కొత్త కాదు. 1839 జూన్‌లో చైనా దేశపు ఉన్నతాధికారి లిన్ జెషు ఇంగ్లీషు వర్తకుల నుంచి 20 వేలకు పైగా పెట్టెల నల్లమందును స్వాధీనం చేసుకుని, ఉప్పు, సున్నం కలిపిన నీటిగోతులలో కరిగించి సముద్రంలోకి వదిలించాడు. ఆ పనికి మూడు వారాలు పట్టింది. అందుకు ఫలితంగా యుద్ధం వచ్చింది, చైనా ఓడింది, 1842 సంధిలో హాంగ్‌కాంగ్ పోయింది. 1858 నాటికి నల్లమందు దిగుమతిని చట్టబద్ధం చేయక తప్పలేదు. ఆ నల్లమందులో పెద్దభాగం పండింది ఎక్కడనుకున్నారు? మన గంగాతీరంలో, బీహారు, కాశీ ప్రాంతాలలో, కంపెనీవారి గుత్తాధిపత్యం కింద. మన రైతు చేత బలవంతాన పండించి, పొరుగుదేశపు ప్రజలకు అమ్మి, లాభం మూడవవాడు తిన్నాడు. ప్రపంచమంతటా జూన్ 26న మాదకద్రవ్య వ్యతిరేక దినం జరుపుకోవడానికి ఆ 1839 నాటి ఘట్టమే నేపథ్యమని చెబుతారు.

కోడూరులో కాలిందీ, చైనాలో కరిగిందీ సరుకే. సరుకును చేతులు మార్చే మనుషులు మిగిలారు. ఆ చేతుల సంగతి ధర్మశాస్త్రం చాలా సూక్ష్మంగా చర్చించింది.

మనుస్మృతి ఐదవ అధ్యాయంలో హింస విషయమై ఒక విచారణ ఉంది. ఒక జంతువును చంపితే ఆ పాపం కత్తి పట్టినవాడికే చెందుతుందా? కాదన్నాడు మనువు. చంపినవాడు, ఖండించినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ ఘాతకులేనని లెక్కపెట్టాడు. ఇంతవరకు ఏడుగురు. ఎనిమిదవవాణ్ణి అసలు అందరికంటే ముందు చెప్పాడు. వాడు ‘అనుమంత’. అంటే, సరేనన్నవాడు. చేయి కదపనివాడు. వాడి అనుమతి లేకపోతే పని జరగదు గనుక వాడికి జాబితాలో మొదటి స్థానం దక్కింది.

అది మాంస ప్రకరణంలోనిది కదా, మత్తు వ్యాపారానికి ఎట్లా వర్తిస్తుందని పండితులెవరైనా అడగవచ్చు. మీమాంసకులు అతిదేశం అంటారు. ఒకచోట చెప్పిన ధర్మం, కారణం సమానమైనప్పుడు మరొకచోటికి పోతుంది. ఒకే ఫలం కోసం అనేకులు తలా ఒక చిన్న పని చేస్తూ, ఎవరికి వారు ‘నాది ఈ కొంచెమే కదా’ అనుకునే ప్రతి వ్యవహారానికీ ఈ న్యాయం అన్వయిస్తుంది. (మాంసాహారం మీద ఈ వ్యాసంలో తీర్పు చెప్పడం లేదు; ఆ చర్చ వేరు.)

ఇప్పుడు లెక్కపెట్టి చూడండి. నాటినవాడు, ఎండబెట్టి పొట్లం కట్టినవాడు, కారు నడిపినవాడు, ముందు మోటారు సైకిలు తోలినవాడు, పట్నంలో గది అద్దెకిచ్చినవాడు, పొట్లాలు విడగొట్టి కళాశాల దగ్గర అమ్మినవాడు, స్నేహితుడి చేతిలో మొదటిసారి పెట్టినవాడు, పీల్చినవాడు. ఏ ఒక్కరికీ మొత్తం పాపం తనదనిపించదు. ఎనిమిది మంది తలా ఒక కొస పట్టుకుని శవాన్ని మోస్తే ఎవరికీ బరువు తెలియనట్టే ఇది.

ఈ కాలపు చట్టం కూడా విచిత్రంగా ఇదే మార్గం పట్టింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 29వ సెక్షను ప్రకారం ప్రేరేపించినవాడికీ, కుట్రలో చేరినవాడికీ అసలు నేరానికి ఏ శిక్షో అదే శిక్ష. తన ఇంటినో వాహనాన్నో తెలిసి వాడుకోనిచ్చినవాణ్ణి 25వ సెక్షను వదలదు. పెట్టుబడి పెట్టినవాడికీ, నేరస్తుడికి ఆశ్రయమిచ్చినవాడికీ 27-ఏ సెక్షను కింద 10 నుంచి 20 సంవత్సరాల కఠిన కారాగారం. గంజాయి ఒక కిలో లోపు ఉంటే స్వల్ప పరిమాణం, సంవత్సరం దాకా శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, 10 సంవత్సరాలకు తగ్గదు, 20 దాకా పోవచ్చు. ఆ స్థాయి కేసులో నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన ఆధారాలు న్యాయస్థానానికి కనిపిస్తే తప్ప బెయిలు దొరకదు. నా శిష్యుడి కుమారుడి వెనుక వచ్చిన కారులో ఉన్నది 20 కిలోలకు చాలా ఎక్కువే. అతని సంచిలో ఒక్క గ్రాము లేదు.

చిరునామా ఇవ్వడం కూడా ఎంతటి భాగస్వామ్యమో 2021 సెప్టెంబరులో దేశమంతా చూసింది. గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో సుమారు 3 వేల కిలోల హెరాయిన్ దొరికింది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి ఇరాన్ మీదుగా, ముఖానికి పూసుకునే పౌడరు తయారుచేసే రాయి అని చెప్పి పంపారు. దాన్ని దిగుమతి చేసుకున్నట్టు కాగితాలమీద ఉన్న సంస్థ మన విజయవాడ చిరునామాతో నమోదైనది. ఓడ రాలేదు, సరుకు రాలేదు, ఊరి పేరు మాత్రం వచ్చింది.

ఇక పూర్వపక్షాలు. నేను చెప్పిన దానికి మా శిష్యుడి భార్య, ఆ పిల్లవాడి తల్లి, ఒక మంచి ఆక్షేపణ చేసింది. “వాల్మీకి కథలో బోయవాడు ఇంటికెళ్లి అడిగితే పెళ్లాం పిల్లలు నీ పాపంలో మాకు భాగం లేదన్నారు కదండీ? మరి అందరికీ పాపమని మీరంటారేమిటి?” అంది. ఆ కథ వాల్మీకి రామాయణంలో కనిపించదు. అధ్యాత్మ రామాయణంలో వాల్మీకి స్వయంగా రామునితో చెప్పుకుంటాడు. అమ్మ అడిగింది సరైన ప్రశ్నే. కాని అందులో భాగం లేదని అన్నది ఎవరు? ఆ కుటుంబం. తినేది మేము, పాపం నీది అని వారు అన్నారు. వారి మాట నిజమని మునులూ అనలేదు, శాస్త్రమూ అనలేదు. ఆ మాట వల్ల దొంగకు కనువిప్పు కలిగిందే కాని, తిన్నవారికి విముక్తి కలిగిందని కథలో ఎక్కడా లేదు. ఇంతకాలం ఆ కథను నేను కూడా దొంగ పక్షం నుంచే చెప్పాను. ఆ తల్లి అడిగిన తరువాత కుటుంబం పక్షం నుంచి చదువుకున్నాను.

రెండవ పూర్వపక్షం క్షేత్రాలలో తిరిగే యువకుల నోట తరచుగా వినిపిస్తుంది. “శివుడే గంజాయి సేవిస్తాడు కదా, మాకు దోషమేమిటి?” అని. దీనికి కొంచెం నిదానంగా సమాధానం చెప్పాలి. ఎందుకంటే దైవం పేరు చెప్పి తాగేవాణ్ణి తిట్టి పంపితే వాడు దైవాన్నీ వదిలిపెట్టడు, పొగనూ వదిలిపెట్టడు. అథర్వవేదంలో భంగ ప్రసక్తి ఉన్నమాట నిజం. ఆపద నుంచి విడిపించమని ప్రార్థించే ఓషధులలో అదొకటి. ఆయుర్వేదంలో విజయ అనే పేరుతో దానికి స్థానం ఉంది. కాని వైద్యుడు శుద్ధిచేసి, మాత్ర నిర్ణయించి, అనుపానంతో, రోగికి, రోగకాలంలో ఇచ్చేది ఔషధం. ఆ భంగ మోహాన్నీ మదాన్నీ పెంచుతుందని భావమిశ్రుడు తన నిఘంటుభాగంలో స్పష్టంగా హెచ్చరించాడు కూడా. వత్సనాభి విషం కూడా ఔషధంలో ఉంది. అంతమాత్రాన వీధి చివర పొట్లాలు కట్టి అమ్ముతామా?

శివుడి విషయానికి వస్తే, పురాణప్రసిద్ధంగా ఆయన తీసుకున్నది హాలాహలం. లోకం దాని బారిన పడకుండా తాను మింగాడు, అదీ కడుపులోకి పోనివ్వక కంఠంలో నిలిపాడు. ఆయనను అనుకరించదలచినవాడు ఊరిలోకి వచ్చిన విషాన్ని ఊరివారికి చేరకుండా ఆపాలి. తాను తాగి, స్నేహితుడికి అందించేవాడు శివుణ్ణి కాదు అనుకరిస్తున్నది, వాసుకిని.

వ్యసనం అనే మాటకు అర్థం కూడా చూడండి. మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసిరివేసేది గనుక వ్యసనం అన్నాడు కౌటిల్యుడు. వ్యసనానికీ మృత్యువుకూ మధ్య వ్యసనమే కష్టతరమని మనువు నిర్ణయం. అతిశయోక్తి అని నేను చాలాకాలం అనుకున్నాను. కేంద్రప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో ప్రకటించిన సర్వేలో దేశంలో 3 కోట్లమందికి పైగా భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడుతున్నట్టు తేలింది. కౌమారంలో మొదలుపెట్టిన పిల్లలలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయనీ, కొందరిలో చిత్తభ్రమ తలెత్తుతుందనీ వైద్యులు చెబుతున్నారు. తెలంగాణలో కల్లు పేరుతో అమ్మే కల్తీద్రవంలో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ దానికి అలవాటుపడిన కూలీ ఒక్కసారి మానితే మూర్ఛలు వస్తాయి, మతి చలిస్తుంది. తాగితే ఒక ప్రమాదం, మానితే మరొక ప్రమాదం. మృత్యువుకైతే ఒకటే ముఖం.

కాని నేను కళ్లారా చూసిన హాని వీటిలో ఏదీ కాదు. పట్టుబడిన ఆ కుర్రవాడి చెల్లెలికి నిశ్చయమైన సంబంధం తప్పిపోయింది. తండ్రి వకీలు ఖర్చులకు బెల్లం పాకతో పాటు ఎకరం పొలం అమ్మాడు. అమ్మమ్మ మాట్లాడటం మానివేసింది. వీరెవరూ గంజాయి చూడను కూడా లేదు.

మూడవ పూర్వపక్షం నేనే వేసుకున్నాను. ఎనిమిది మందికీ పాపమైతే ఎనిమిది మందికీ సమానమేనా? ఆకలికి నాటిన కొండరైతూ, అతనికి అప్పిచ్చి నాటించిన షావుకారూ ఒకటేనా? మనస్సు ఒప్పదు, శాస్త్రమూ ఒప్పదు. దొంగతనానికి దండన చెప్పేచోట మనువు ఎక్కువ తెలిసినవాడికి ఎక్కువ రెట్లు విధించాడు. ఎనిమిది రెట్లతో మొదలుపెట్టి, గుణదోషాలు తెలిసినవాడు గనుక బ్రాహ్మణుడికి 64 రెట్లు అన్నాడు, అంతకు మించీ చెప్పాడు. మన న్యాయస్థానాలలో జరుగుతున్నది తారుమారుగా ఉంది. కొండరైతు, కూలికి మోసినవాడు జైలులో ఏళ్లతరబడి ఉంటారు. వారిని చూడడానికి వారి ఇంటి ఆడవారు పరాయి భాష మాట్లాడే పట్నాలకు పోయి కోర్టు గుమ్మాల దగ్గర కూర్చుంటారు. కాఫీ, మిరియం, పసుపు పంటలకు విత్తనం ఇవ్వడం ఎంత ముఖ్యమో, పండిన దాన్ని గుడిసె దగ్గరే కొనడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. గంజాయి వ్యాపారి నడిచి వెళ్లగలిగిన కొండకు మంచి వ్యాపారి ఎందుకు నడవలేడు?

64 రెట్లు అన్నచోటనే నేను రెండు రోజులు ఆగిపోయాను.

ఆ పిల్లవాడు పట్టుబడడానికి ముందటి మాఘమాసంలో, భీష్మ ఏకాదశినాడు, మా ఊరి వేణుగోపాలస్వామికి కల్యాణం చేశాం. వ్యాఖ్యానం నాది. దాతల గోత్రనామాలు మైకులో చదివిందీ నేనే. ఆ కుర్రవాడు వచ్చి 25 వేల రూపాయలు, అన్నీ 500 నోట్లు, పళ్లెంలో పెట్టి నమస్కరించాడు. డిగ్రీ పూర్తికానివాడు, ఉద్యోగం లేనివాడు. ఎక్కడిదని నాకు అనిపించింది. అంతకు ముందే ఒక పొరుగాయన “కుర్రాడు కొండకు తిరుగుతున్నాడండి” అని నా చెవిన వేశాడు. కొండకు తిరగడమంటే మా ప్రాంతంలో ఏమి అర్థమో నాకు తెలుసు. అయినా అడగలేదు. శిష్యుడి మనసు నొప్పించడమెందుకు, శుభకార్యంలో రభస ఎందుకు, కమిటీవారు ఏమనుకుంటారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందరికంటే గట్టిగా అతని గోత్రనామాలు చదివి, ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని ఆశీర్వదించాను. ఆ ఆశీర్వచనం విని తండ్రి ముఖం వెలిగింది. కొడుకు దారి మంచిదేనని ఆయనకు నమ్మకం కుదిరింది ఆనాడేనట. ఆయనే ఈమధ్య చెప్పాడు.

అనుమంత ఎవరో వేరే వెతకనక్కరలేకపోయింది.

దానం చేసే భక్తులు ఈ పత్రిక చదువుతారు గనుక ఒక మాట దాచకుండా చెబుతాను. దానానికి ద్రవ్యశుద్ధి ప్రాణం. ధర్మరాజు అశ్వమేధం ముగించాక ఒక ముంగిస వచ్చి, ఇంత యాగమూ ఆ కురుక్షేత్ర బ్రాహ్మణుడు పెట్టిన పేలపిండికి సాటిరాదని చెప్పిన కథ మీకు తెలుసు. ఏరుకున్న గింజలతో బతికే ఆ కుటుంబపు పిండి న్యాయార్జితం. అన్యాయార్జితమైన సొమ్ము హుండీలో పడినంత మాత్రాన కడగబడదు. దేవుడికి వాటా ఇస్తే మిగిలినది శుభ్రమవుతుందని ఈ వ్యాపారంలో ఉన్నవారు నమ్ముతారు. ఆ నమ్మకానికి ఊతమిస్తున్నది పుచ్చుకునే మనమే. 1989లో చేర్చిన నిబంధనల ప్రకారం ఈ వ్యాపారంతో కూడబెట్టిన ఆస్తిని నేరస్తుడి బంధువుల పేరుమీద ఉన్నా ప్రభుత్వం జప్తు చేయవచ్చు. చట్టం బంధువును అడుగుతుంటే, గుడి అడగకపోవడం బాగుండదు.

రెండు రోజుల తరువాత శిష్యుడు వచ్చాడు. పాపమేనని చెప్పాను. పైలటు పని లేకపోతే కారు దిగేది కాదనీ, అందుచేత అది చిన్న పని కాదనీ చెప్పాను. తరువాత నా సంగతి చెప్పాను. నాకు తెలిసీ అడగలేదని, ఆ ఆశీర్వచనం నేను చేసి ఉండవలసింది కాదని, క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు నేలచూపులు చూశాడు. “తమరు ఆరోజు అడిగి ఉంటే నేను తమరిమీద కోప్పడేవాణ్ణండి గురువుగారూ. కాని పిల్లాణ్ణి అడిగేవాణ్ణి,” అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

ఆలయ కమిటీని సమావేశపరిచి విషయం చెప్పాం. 25 వేల రూపాయలు ఏమి చేయాలనే దానిమీద పెద్ద వాదమే జరిగింది. కల్యాణానికి ఎప్పుడో ఖర్చయిన సొమ్ము. అందరం తలా కొంత వేసుకుని ఆ మొత్తం జమచేసి, వివరాలు రాసి దర్యాప్తు అధికారికి తెలియజేశాం. అప్పటినుంచి పెద్దమొత్తం ఇచ్చే దాతను వృత్తి ఏమిటని అడిగి పుస్తకంలో రాస్తున్నాం. ఇద్దరు ముగ్గురు నొచ్చుకుని వెళ్లిపోయారు. ఈ ఏడు కల్యాణంలో పందిరి చిన్నదైంది.

యాత్రికులకు కొన్ని విషయాలు. మా విశాఖ వైపునుంచి వెళ్లే రైళ్లలో, బస్సులలో మర్యాదగా మాట్లాడే కుర్రవాళ్లు ‘అమ్మా, ఈ సంచి కాస్త మీ సీటు కింద ఉంచుకోండి, ముందు స్టేషనులో మా అన్నయ్య తీసుకుంటాడు’ అంటే ఒప్పుకోవద్దు. నిషిద్ధ వస్తువు ఎవరి స్వాధీనంలో దొరికితే నేరం వారిదే అనే ఊహతో చట్టం మొదలవుతుంది. కాదని రుజువు చేసుకునే భారం మీమీద పడుతుంది. సరుకు రవాణా గురించి తెలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, తెలంగాణలో 1908కి, దేశంలో ఎక్కడినుంచైనా 1933కి ఫోను చేయవచ్చు. ఇంట్లో పిల్లవాడు అలవాటుపడితే పోలీసులకు భయపడి దాచవద్దు. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు సిద్ధపడితే 64-ఏ సెక్షను కింద ప్రాసిక్యూషను నుంచి రక్షణ పొందే వీలుంది. చికిత్స వివరాలకు 14446 ఉంది. చెబితే చాడీ అవుతుందని సందేహించేవారు అనుమంత అనే మాటను మరొకసారి చదువుకోవాలని మనవి.

ఆ కుర్రవాడు ఇంకా రిమాండులోనే ఉన్నాడు. మొన్న ములాకత్‌కు తండ్రితో నేనూ వెళ్లాను. జాలీ ఆవలనుంచి నన్ను చూసి తల దించుకున్నాడు. ఏమి మాట్లాడాలో నాకూ తోచలేదు. చివరకు అతనే, “తాతగారూ, ఈసారి కల్యాణంలో మా గోత్రం చదివారా?” అని అడిగాడు. చదివానని చెప్పాను. దాతల జాబితాలో కాదు; ఊరివారందరి క్షేమం కోరుతూ చేసే సంకల్పంలో. వచ్చే నెల పౌర్ణమి తరువాత కేసు వాయిదా ఉంది. మళ్లీ వెళ్లాలి.